ఒక్క ఆక్సిజన్ తేడా: డీఎన్ఏ ఉండగా ఆర్ఎన్ఏ ఎందుకు?

ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "డీఎన్ఏకి, ఆర్ఎన్ఏకి తేడాల పట్టిక బట్టీ పట్టేశాను. ఒకదాంట్లో డీఆక్సీరైబోజ్, ఇంకోదాంట్లో రైబోజ్. ఒకదాంట్లో థైమిన్, ఇంకోదాంట్లో యురాసిల్. అది రెండు పోగులు, ఇది ఒకటే పోగు. కానీ ఇంత చిన్న తేడాలకి రెండు అణువులు ఎందుకు? ఒకటే రెండు పనులూ చేయలేదా? అసలు ఏది ముందు వచ్చింది?"

ఇంటర్ చదివే పిల్లవి కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమనుకోకమ్మా. నేను హైదరాబాద్‌లో మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌లలో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాను. నీలాగే నేనూ ఆ పట్టిక బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను. అందులో మొదటి వరుస, అదే ఆ చక్కెర తేడా, ఎంత పెద్ద విషయమో మాత్రం నాకు పుస్తకంలో తెలియలేదు, బల్ల దగ్గర తెలిసింది.

పనిలో చేరిన కొత్తలో ఒకే కణాల నుంచి డీఎన్ఏ, ఆర్ఎన్ఏ రెండూ తీశాను. రెండు ట్యూబులూ ఐస్ లేకుండా బల్ల మీదే పెట్టేసి భోజనానికి వెళ్లొచ్చాను. మధ్యాహ్నం ముక్కల్ని సైజు ప్రకారం విడదీసే జెల్ మీద నడిపితే డీఎన్ఏ పైన దిట్టంగా ఒక గీతలా కనిపించింది. ఆర్ఎన్ఏ బాగుంటే రెండు స్పష్టమైన గీతలు రావాలి, అవి ప్రోటీన్లు కుట్టే యంత్రమైన రైబోసోమ్‌లోని ఆర్ఎన్ఏలు, 28ఎస్, 18ఎస్ అంటాం. వాటి జాడే లేదు, కింది దాకా కారిపోయిన మసక మరక మాత్రం ఉంది. మూడు వారాలు పెంచిన కణాలు పోయాయి. ఆ రోజు మా సీనియర్ అక్క ఒక కాగితం తీసి రైబోజ్ బొమ్మ గీసి, 2వ కార్బన్ దగ్గర ఉన్న ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) చుట్టూ పెన్నుతో గట్టిగా సున్నా చుట్టింది. నీ ప్రశ్నకి జవాబు ఆ సున్నాలోనే ఉంది.

నిర్మాణం నీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. చక్కెర, ఫాస్ఫేట్, చక్కెర, ఫాస్ఫేట్ అని గొలుసులా సాగుతుంది, ఒక్కో చక్కెరకి ఒక్కో నత్రజని క్షారం వేలాడుతుంది. ఈ అల్లిక రెండిట్లోనూ ఒకటే. ఆ క్షారాల్నే అక్షరాలు అని కూడా అంటాం. ఆర్ఎన్ఏ చక్కెరలో 2వ కార్బన్ మీద ఓహెచ్ ఉంటుంది, డీఎన్ఏలో అక్కడ ఉత్త హైడ్రోజన్. ఒక్క ఆక్సిజన్ తగ్గింది, అందుకే పేరులో "డీఆక్సీ" అని ఉంటుంది.

ఇప్పుడు ఆ ఓహెచ్ ఎక్కడ కూర్చుని ఉందో చూడు. గొలుసును కలిపే ఫాస్ఫేట్ దానికి సరిగ్గా పక్కనే, 3వ కార్బన్ మీద ఉంది. క్షార ద్రావణంలో ఆ ఓహెచ్ తన హైడ్రోజన్‌ని వదిలేస్తుంది, మిగిలిన ఆక్సిజన్ పక్కనున్న ఫాస్ఫేట్ మీద పడి దాన్ని తనకి అతికించుకుంటుంది, దాంతో గొలుసు అక్కడ తెగిపోతుంది. అంటే ఆర్ఎన్ఏని తెంపే కత్తెర బయటి నుంచి రానక్కర్లేదు, ప్రతి చక్కెర దగ్గరా ఒకటి ముందే సిద్ధంగా ఉంది. డీఎన్ఏలో ఆ కత్తెర తీసేశారు. సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే డీఎన్ఏ రెండు పోగులూ విడిపోతాయి గానీ పోగు మాత్రం తెగదు, అదే ద్రావణంలో ఆర్ఎన్ఏ ముక్కలు ముక్కలైపోతుంది.

ఇంకా ఉంది. మన చెమటలో, చర్మం మీద, ఉమ్మిలో ఆర్ఎన్ఏని కోసే ఎంజైములు ఉంటాయి, ఆర్ఎన్ఏజ్ అంటాం. వీటి కుటుంబంలో బాగా తెలిసిన 'ఆర్ఎన్ఏజ్-ఏ' అనేది మరగబెట్టినా చావదు, చల్లారాక మళ్లీ తన ఆకారంలోకి మడుచుకుని పని మొదలుపెడుతుంది. ఈ ఎంజైము కూడా కోయడానికి అదే 2వ కార్బన్ ఓహెచ్‌ని వాడుకుంటుంది, అందుకే దాని చేతికి డీఎన్ఏ చిక్కదు. ఆర్ఎన్ఏ పని చేసే రోజు మేం గ్లవ్స్ మార్చి మార్చి వేసుకోవడం, బల్ల తుడవడం, మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచడం అన్నీ ఈ ఒక్క ఆక్సిజన్ వల్లే. డీఎన్ఏకి మైనస్ 20 చాలు, బఫర్‌లో ఉంటే మామూలు ఫ్రిజ్‌లోనూ నెలల తరబడి బాగుంటుంది.

ఇదే తేడాని కోవిడ్ టైంలో దేశమంతా చూసింది, ఎందుకో చెప్పినవాళ్లు తక్కువ. ఫైజర్ ఎంఆర్ఎన్ఏ (ఏ ప్రోటీన్ చేయాలో కణానికి చెప్పే సందేశ ఆర్ఎన్ఏ) టీకాని మొదట్లో మైనస్ 70 డిగ్రీల దగ్గర దాచాల్సి వచ్చింది. 2021 ఆగస్టులో మన దేశం అత్యవసర అనుమతి ఇచ్చిన జైకోవ్-డి, మనుషులకి అనుమతి దొరికిన మొదటి డీఎన్ఏ టీకా, మామూలు టీకాల ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎంఆర్ఎన్ఏ టీకాలో కొవ్వు బిందువుల పొర కూడా చలిని కోరే కారణాల్లో ఒకటి, కాబట్టి మొత్తం ఆక్సిజన్ మీదే నెట్టను. జెన్నోవా కంపెనీ ఎంఆర్ఎన్ఏ టీకాని నీళ్లు తీసేసి పొడిగా చేసి 2 నుంచి 8 డిగ్రీలకి తెచ్చింది. గొలుసు తెగడానికి నీళ్లు కావాలి కదా, నీళ్లే తీసేస్తే కత్తెర పని చేయదు.

ఇంత త్వరగా పాడైపోయేదాన్ని కణం ఎందుకు పెట్టుకుంది అని అనుకుంటావు. పాడైపోవాలి కాబట్టే పెట్టుకుంది. ఈ.కోలై బాక్టీరియాకి పాలలో ఉండే చక్కెర, లాక్టోజ్, దొరికిందనుకో. దాన్ని విడగొట్టే ఎంజైము చేయమని డీఎన్ఏ నుంచి ఎంఆర్ఎన్ఏ రాసుకుంటుంది, ఎంజైము తయారవుతుంది. లాక్టోజ్ అయిపోయింది, మరి ఆ ఎంఆర్ఎన్ఏ అలాగే ఉండిపోతే? అక్కర్లేని ఎంజైముని చేస్తూ చేస్తూ శక్తంతా తగలేస్తుంది. అందుకే బాక్టీరియాలో చాలా ఎంఆర్ఎన్ఏలు కొన్ని నిమిషాలే బతుకుతాయి, మన కణాల్లో కొన్ని గంటలు. పని పడితే రాయడం, పని అయిపోగానే చెరిపేయడం. కణం తనని తాను అదుపులో పెట్టుకునేది చాలావరకు ఇలాగే. దాచుకోవాల్సింది డీఎన్ఏలో, వాడి పారేయాల్సింది ఆర్ఎన్ఏలో. బీరువాలో దస్తావేజు, చేతిలో జిరాక్స్ అని మా మాస్టారు చెప్పేవారు. ఆ పోలిక సగం వరకు బాగానే పనికొస్తుంది, మిగతా సగం ఎక్కడ సరిపోదో కింద చెప్తాను.

ఇప్పుడు నీ పట్టికలో రెండో వరుస, థైమిన్, యురాసిల్. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడు, థైమిన్ అంటే యురాసిల్‌కి ఒక మిథైల్ గుంపు తగిలించినది, అంతే. రెండూ అడినిన్‌తోనే జత కడతాయి. మరి డీఎన్ఏకి ఆ మిథైల్ ఎందుకు?

కారణం సైటోసిన్. అది నీళ్లలో ఊరికే ఉన్నా అప్పుడప్పుడూ తన అమైన్ గుంపుని పోగొట్టుకుని యురాసిల్ అయిపోతుంది. మన ఒక్కో కణంలో రోజుకి వంద, అంతకంటే ఎక్కువ సైటోసిన్లు ఇలా మారిపోతాయి. ఇప్పుడు డీఎన్ఏలో మామూలుగానే యురాసిల్ ఒక అక్షరం అనుకో, మరమ్మతు చేసే ఎంజైము వచ్చి చూస్తే ఏ యురాసిల్ అసలుది, ఏది సైటోసిన్ పాడైతే వచ్చినది? చెప్పలేదు. కానీ అసలు అక్షరానికి మిథైల్ గుర్తు ఉంటే, గుర్తు లేని ప్రతి యురాసిలూ తప్పే. కనిపించగానే కోసి పారేయొచ్చు. ఆ కోసే ఎంజైముని 1974లో థామస్ లిండాల్ కనిపెట్టారు, డీఎన్ఏ మరమ్మతు మీద చేసిన పనికి 2015లో ఆయనకి ఇంకో ఇద్దరితో కలిపి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. కొన్ని గంటల్లో పోయే ఆర్ఎన్ఏలో ఇంత జాగ్రత్త అవసరం లేదు, అందుకే అక్కడ చవకగా అయిపోయే యురాసిల్.

చవక అన్నది ఊరికే వాడిన మాట కాదు. ఆ మిథైల్ తగిలించడానికి కణానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. గర్భిణులకి ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు కదా, లోపల పెరిగే బిడ్డ కణాలు గబగబా విభజన అవుతుంటాయి, ప్రతి విభజనకీ కొత్త డీఎన్ఏ, దానికి కోట్ల థైమిన్లు. ఈ చోట మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది, ఆ తర్వాత దానికి అడ్డుపడే అమైనోప్టెరిన్‌నీ తయారు చేసింది. ఫోలిక్ యాసిడ్ పని ఆగితే థైమిన్ ఆగుతుంది, థైమిన్ ఆగితే కొత్త డీఎన్ఏ ఆగుతుంది, అదుపు తప్పి విభజన అవుతున్న క్యాన్సర్ కణం అక్కడ ఆగుతుంది. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో అమైనోప్టెరిన్‌తో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని అమెరికన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రచురించారు. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఉంది. పట్టికలో "టీ బదులు యూ" అన్న ఒక్క వరుస వెనక ఇంత కథ ఉంది, దాన్ని ఒక్క మార్కు ప్రశ్నగా వదిలేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

ఒక మెలిక కూడా ఉంది. మన డీఎన్ఏలో కొన్ని సైటోసిన్ల మీద కణమే మిథైల్ పెట్టుకుంటుంది, జన్యువుల్ని ఆపి ఉంచడానికి. అలాంటి సైటోసిన్ పాడైతే యురాసిల్ రాదు, నేరుగా థైమిన్ వస్తుంది, అంటే అసలు అక్షరంలాగే కనిపిస్తుంది. అందుకే మన జన్యువుల్లో మార్పులు ఎక్కువగా జరిగే చోట్లలో ఇవి ముందుంటాయి.

మూడో వరుస, రెండు పోగులు. 1953 ఏప్రిల్‌లో వాట్సన్, క్రిక్ ఈ నిర్మాణం ప్రచురించారు. అందులో ముఖ్యమైన ఆధారం రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఎక్స్‌రే పని, ఆమె దగ్గర చదువుతున్న రేమండ్ గోస్లింగ్ 1952 మేలో తీసిన 51వ నంబరు ఫొటో. ఆమె అనుమతి లేకుండానే ఆ ఫొటోని ఆమె సహోద్యోగి మారిస్ విల్కిన్స్ వాట్సన్‌కి చూపించారు. 1958లో 37 ఏళ్లకే ఆమె చనిపోయారు, 1962లో నోబెల్ వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకి వచ్చింది. ఈ పాఠం ఎక్కడ చెప్పినా ఆమె పేరు చెప్పాలని నా పట్టుదల. అదే 1953 ఫిబ్రవరిలో లైనస్ పాలింగ్ అంతటి కెమిస్టు మూడు పోగుల నమూనా ప్రచురించారు, ఫాస్ఫేట్లు లోపల పెట్టి. ఫాస్ఫేట్లన్నిటికీ రుణావేశం, అన్నీ ఒకచోట చేరిస్తే ఒకదాన్నొకటి నెట్టుకుని నిర్మాణం విచ్చిపోతుంది. అవి బయట, నీళ్ల వైపు ఉండాలి, క్షారాలు లోపల ఉండాలి, ఇది ఫ్రాంక్లిన్ ముందే గ్రహించారు.

కొబ్బరి తాడు పేనేటప్పుడు రెండు పాయలు పురి వేసినట్టు ఈ రెండు పోగులూ చుట్టుకుని ఉంటాయి, కాకపోతే ఒకదాని తల వైపు ఇంకోదాని కాళ్లు ఉంటాయి. వెడల్పు 2 నానోమీటర్లు, ఒక్కో జతకి 0.34 నానోమీటర్ల ఎత్తు. అడినిన్ (ఏ) ఎదురుగా థైమిన్ (టీ), రెండు హైడ్రోజన్ బంధాలు, గ్వానిన్ (జీ) ఎదురుగా సైటోసిన్ (సీ), మూడు. పరీక్షలో ఇంతే రాయి, కానీ మనసులో ఇంకోటి పెట్టుకో. తాడు గట్టిగా నిలబడటానికి హైడ్రోజన్ బంధాల కంటే, దొంతర పెట్టిన పళ్లేల్లా క్షారాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఉండటమే ఎక్కువ సాయపడుతుంది. హైడ్రోజన్ బంధాల ముఖ్యమైన పని సరైన జతని ఎంచుకోవడం.

రెండో పోగు ఎందుకంటే, ఒకదాంట్లో అక్షరం పాడైతే ఎదుటిది చూసి మళ్లీ రాసుకోవచ్చు. ఇందాకటి యురాసిల్ కోసేశాక ఖాళీలో ఏం పెట్టాలో ఎలా తెలుస్తుంది? ఎదురుగా జీ ఉంది, కాబట్టి సీ. ఒంటి పోగు ఆర్ఎన్ఏకి ఆ వీలు లేదు. మన జన్యు సమాచారం ఒక్కో ప్రతిలో సుమారు 320 కోట్ల జతలు, రెండు ప్రతులు కలిపి చాపితే ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల పొడవు. ఆర్ఎన్ఏ మీద బతికే వైరస్‌లలో పెద్దవాటిలో ఒకటైన కరోనాకి సుమారు 30,000 అక్షరాలే, అది కూడా రాసినదాన్ని సరిచూసుకునే ఎంజైము తనకంటూ ఒకటి ఉంది కాబట్టి. మిగతా చాలా ఆర్ఎన్ఏ వైరస్‌లకి అదీ లేదు, తప్పులు పోగవుతాయి, అందుకే ఫ్లూ టీకాని ఏటా సరిచూసి మార్చాల్సి వస్తుంది. నువ్వు అడిగిన "ఒకటే రెండు పనులూ చేయలేదా" అన్నదానికి వైరస్‌లే జవాబు. చేయగలదు, కానీ చిన్న పుస్తకం వరకే.

అక్షరం మారితే ఏమవుతుందో మన దగ్గరే చూడొచ్చు. మన్యంలో, ఆదిలాబాద్ వైపు ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. బీటా గ్లోబిన్ జన్యువులో 6వ అమైనో ఆమ్లానికి జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ ఉంటుంది. ఎంఆర్ఎన్ఏలో అది జీయూజీ అవుతుంది, గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి చేరుతుంది, ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని ఎర్ర రక్త కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. ఎంఆర్ఎన్ఏలో ఒకసారి తప్పు పడితే కొన్ని గంటల్లో పోతుంది. డీఎన్ఏలో పడితే తల్లిదండ్రుల నుంచి బిడ్డలకి నడుస్తుంది.

ఇక జిరాక్స్ పోలిక ఎక్కడ సరిపోదో చెప్తానన్నాను. కణంలో ఉన్న ఆర్ఎన్ఏ మొత్తంలో ఎంఆర్ఎన్ఏ నూటికి ఐదు వంతులకి మించదు. 80 వంతుల దాకా రైబోసోమ్ ఆర్ఎన్ఏ. అది కాగితం కాదు, పనివాడు. ఒంటి పోగు కావడం వల్ల ఆర్ఎన్ఏ తన మీద తానే మడుచుకుని, తనలోని ఏ, యూలని, జీ, సీలని జత కట్టుకుని రకరకాల ఆకారాలు పొందుతుంది, ఇందాక కత్తెర అన్న ఆ ఓహెచ్ ఇక్కడ అదనపు హైడ్రోజన్ బంధాలు కట్టి మడతని పట్టి ఉంచుతుంది. ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ 76 నుంచి 90 అక్షరాల చిన్న ముక్క, ఒక కొసన మూడు అక్షరాలు చదువుతుంది, ఇంకో కొసన అమైనో ఆమ్లం మోస్తుంది. రైబోసోమ్‌లో అమైనో ఆమ్లాల్ని కలిపి కుట్టే చోట చేరువలో పని చేసేది ఆర్ఎన్ఏనే, ప్రోటీన్ కాదు. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనత్ రైబోసోమ్ నిర్మాణం విప్పి చూపించినందుకు 2009లో నోబెల్ అందుకున్నారు. నువ్వు తిన్న పప్పులోని ప్రోటీను, నీ జుట్టులోని కెరాటిను, అన్నీ ఏదో ఒక ఆర్ఎన్ఏ కుట్టినవే.

దీంతో నీ చివరి ప్రశ్న, ఏది ముందు. ఆర్ఎన్ఏ ముందు అనే వాదం వైపే ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఉన్నారు, నేనూ అటే. ప్రకృతిలో సమాచారం దాచడం, రసాయన చర్య జరపడం రెండూ చేసేది అదొక్కటే. ఆర్ఎన్ఏ ఎంజైములా పని చేస్తుందని చూపినందుకు థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్‌లకి 1989లో నోబెల్ ఇచ్చారు. కానీ నన్ను ఒప్పించింది ఆ బహుమతి కాదు, ఈరోజు కూడా మన కణం డీఎన్ఏ ముక్కల్ని తయారు చేసుకునే తీరు. డీఎన్ఏ చక్కెరతో మొదలుపెట్టదు. ముందు ఆర్ఎన్ఏ ముక్క, రైబోన్యూక్లియోటైడ్, చేసుకుంటుంది, తర్వాత ఒక ఎంజైముతో దాని 2వ కార్బన్ మీది ఆక్సిజన్‌ని తీసేస్తుంది. థైమిన్ కూడా అంతే, ముందు యురాసిల్ ముక్క, తర్వాత దానికి మిథైల్. డీఎన్ఏలో ప్రతి అక్షరమూ ఒకప్పుడు ఆర్ఎన్ఏ అక్షరమే అన్నమాట. డీఎన్ఏని రాసే ఎంజైము, డీఎన్ఏ పాలిమరేజ్, కూడా కొత్త పోగుని తనంతట తాను మొదలుపెట్టలేదు, ముందు కొన్ని అక్షరాల ఆర్ఎన్ఏ ముక్క ఒకటి వేసి ఇవ్వాలి. అదే నువ్వు ప్రతికృతి పాఠంలో చదివే ప్రైమర్. పని అయ్యాక దాన్ని కోసేసి, ఆ చోట డీఎన్ఏ నింపుతారు.